బ్యాలెట్‌కెంత? ఈవీఎంకెంత?

నేను సర్కారు బడిలో టీచర్‌ని. ఎన్నికలొస్తే నాకు డ్యూటీ పడుతుందని వేరే చెప్పక్కర్లేదు. పంచాయతీ ఎన్నికలకి ఇనప బ్యాలెట్ పెట్టె మోశాను, అసెంబ్లీకి, పార్లమెంటుకి ఈవీఎం సూట్‌కేసులు మోశాను. అందుకే కాబోలు, మా గేటెడ్ కమ్యూనిటీలో అసోసియేషన్ ఎన్నికల మాట రాగానే కమిటీ వాళ్లు నా దగ్గరికొచ్చారు. "మాస్టారూ, ఈసారి మిషన్ తెప్పిద్దామా, ఎప్పట్లా చీటీలతోనే కానిచ్చేద్దామా? ఏది చవకంటారు?" ఉన్నవి 420 ఫ్లాట్లు, ఫ్లాటుకో ఓటు. మిషన్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ కొటేషన్ అప్పటికే వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను మొదట. మిషన్ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బ్యాలెట్ అయితే ప్రతిసారీ అచ్చు వేయించాలి, మనుషుల్ని కూర్చోబెట్టి లెక్కించాలి. కాబట్టి మిషనే చవక అని ఎప్పటినుంచో నా నమ్మకం. తీరా పెన్ను పట్టుకుని లెక్క వేస్తే ఆ నమ్మకం నిలబడలేదు. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను. మీది యూనియన్ అయినా, కాలనీ సంఘమైనా, టీ కొట్టు దగ్గర ఈవీఎంల మీద రోజూ వాదించుకునే బ్యాచ్ అయినా, అంకెలు మార్చుకుని వాడుకోండి.

మిషన్ అసలు ధర

2024 జనవరిలో జమిలి ఎన్నికల చర్చ నడుస్తున్నప్పుడు, ఎన్నికల సంఘం కేంద్రానికి చెప్పిన రేట్లు బయటికొచ్చాయి. ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్ 7,900 రూపాయలు. ప్రిసైడింగ్ ఆఫీసర్ బల్ల మీదుండే కంట్రోల్ యూనిట్ 9,800. చీటీ చూపించే వీవీప్యాట్ 16,000. మూడూ కలిపితే 33,700. మిషన్ ఆయుష్షు 15 ఏళ్లు. మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్, ఈ రెండు ప్రభుత్వ సంస్థలే వీటిని తయారుచేస్తాయి. 1989-90లో కొన్న తొలి మిషన్లు సెట్టుకి 5,500 రూపాయలు పడ్డాయి, అప్పట్లో వీవీప్యాట్ లేదు.

ఈ మూడు అంకెల్ని ఇంకోసారి చూడండి. ఓట్లు నమోదు చేసే మిషన్‌కి 17,700. అది సరిగ్గానే నమోదు చేసిందని చూపించడానికి పెట్టిన ప్రింటర్‌కి 16,000. అంటే మిషన్ కోసం ఖర్చు పెడుతున్న డబ్బులో దాదాపు సగం మళ్లీ కాగితం కోసమే పోతోంది. కాగితం వద్దనుకుని మిషన్ తెచ్చుకున్నాం, మిషన్ మీద అనుమానంతో దాని పక్కన మళ్లీ కాగితాన్ని కూర్చోబెట్టుకున్నాం. డబ్బు లెక్క మొత్తం ఇక్కడే తలకిందులవుతుంది.

ఒక అసెంబ్లీ నియోజకవర్గం లెక్క

రెండున్నర లక్షల మంది ఓటర్లున్న ఒక నియోజకవర్గం తీసుకుందాం. 250 బూత్‌లు, బూత్‌కి సగటున 800 ఓట్లు పోలయ్యాయనుకుంటే మొత్తం రెండు లక్షల ఓట్లు. మిషన్ల రేట్లు పైన చెప్పినవే. కూలి, అచ్చు రేట్లు మాత్రం నేను అనుకున్నవి, మీకు తెలిసిన రేట్లు వేసి చూడండి.

ముందు మిషన్ వైపు. బూత్‌కో సెట్టు చొప్పున 250 సెట్లకు 84 లక్షలు. ఎక్కడైనా మొరాయిస్తే మార్చడానికి పాతిక శాతం రిజర్వు పెట్టుకుంటే కోటీ 5 లక్షలు అవుతుంది. 15 ఏళ్లలో మూడు అసెంబ్లీలు, మూడు పార్లమెంట్లు, మొత్తం ఆరుసార్లు వాడతామనుకుంటే, ఒక్కో ఎన్నికకి పడే భారం పదిహేడున్నర లక్షలు. వీవీప్యాట్ లేకుండా అయితే ఇదే లెక్క 9 లక్షల చిల్లర.

ఇప్పుడు కాగితం వైపు. రెండున్నర లక్షల బ్యాలెట్లు, కౌంటర్‌ఫాయిల్‌తో కలిపి ఒక్కోటి రూపాయిన్నర అనుకుంటే 3 లక్షల 75 వేలు. లెక్కింపుకి 14 టేబుళ్లు, టేబుల్‌కి ముగ్గురు, రౌండుకి టేబుల్‌కి వెయ్యి ఓట్లు. అంటే 15 రౌండ్లు. రౌండుకి రెండు గంటలు పట్టినా 30 గంటలు. బ్యాలెట్ రోజుల్లో లెక్కింపుకి సగటున 30 నుంచి 40 గంటలు పట్టేదని ఎన్నికల సంఘం చెప్పే మాటకి ఇది దగ్గరగానే ఉంది. 42 మంది, 30 గంటలు, గంటకి 150 రూపాయల చొప్పున వేస్తే ఒక లక్షా 89 వేలు. హాలు, రెండు రోజుల భోజనాలు, అదనపు పోలీసులు ఇలా ఇంకో రెండు లక్షలు వేసుకున్నా మొత్తం 8 లక్షల లోపే.

అంటే కాగితం 8, పాత మిషన్ 9, వీవీప్యాట్ మిషన్ పదిహేడున్నర. నాకు నమ్మబుద్ధి కాక రెండుసార్లు వేశాను. మిషన్ కాగితంతో సమానం కావాలంటే 15 ఏళ్లలో దాదాపు 14 ఎన్నికలు చూడాలి. ఒక రాష్ట్రంలో పని అయిపోగానే ఇంకో రాష్ట్రానికి లారీల్లో పంపిస్తుంటారు కాబట్టి ఆరుసార్లకే ఆగిపోవని ఒప్పుకుంటాను. కానీ ఆ లారీల కిరాయి, వెంట వెళ్లే పోలీసుల బత్తా నేనింకా ఇందులో కలపలేదు.

ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ ఇక్కడే తేడా వస్తుంది. ఆంధ్రాలో అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు ఒకేరోజు. బూత్‌లో రెండు సెట్లు పక్కపక్కన పెట్టాలి, ఆ రెండు సెట్లకీ ఆ రాష్ట్రంలో మళ్లీ పని పడేది ఐదేళ్ల తర్వాతే. తెలంగాణలో అసెంబ్లీ 2018 డిసెంబర్‌లో, పార్లమెంటు 2019 ఏప్రిల్‌లో జరిగాయి. ఆ తర్వాత 2023 నవంబర్‌లో ఒకటి, 2024 మేలో ఇంకోటి. ఒకే సెట్టు రెండింటికీ సరిపోతుంది. అన్ని ఎన్నికలూ కలిపి పెడితే ఖర్చు తగ్గుతుందంటారు గానీ మిషన్ల విషయంలో అది తిరగబడుతుంది. దేశమంతా ఒకేసారి పెడితే ప్రతి 15 ఏళ్లకి మిషన్లకే 10,000 కోట్లు కావాలని ఎన్నికల సంఘం అంచనా వేసింది కూడా ఇందుకే.

మరి మిషన్‌తో మనం కొనుక్కునేదేమిటి?

టైమ్. అసెంబ్లీ లెక్కింపులో 14 టేబుళ్ల మీద 250 బూత్‌లంటే 18 రౌండ్లు. కంట్రోల్ యూనిట్ సీలు చూపించి, ఏజెంట్ల ముందు రిజల్ట్ బటన్ నొక్కి, వచ్చిన అంకెల్ని 17సీ ఫారంతో (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసిన కాగితం) సరిపోల్చి రాసుకోవడానికి రౌండుకి 20 నిమిషాలు వేసుకున్నా ఆరు గంటల్లో అయిపోతుంది. కాగితమైతే ఆ టైముకి మూడో రౌండు దగ్గరుంటాం.

ఇంకోటి, చెల్లని ఓట్లు ఉండవు. 2021 మార్చిలో తెలంగాణ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు గుర్తున్నాయా? హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ సీటుకి 93 మంది, నల్గొండ-ఖమ్మం-వరంగల్ సీటుకి 71 మంది పోటీ. బ్యాలెట్ దుప్పటంత ఉంది. రెండు చోట్లా 20 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే! 17న మొదలైన లెక్కింపు 20వ తేదీ దాకా సాగింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నాలుగు రోజుల నేరం పూర్తిగా కాగితానిది కాదు. ప్రాధాన్యత ఓట్లు కాబట్టి, చివర్లో ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ తప్పిస్తూ వాళ్ల ఓట్లు పంచుతూ పోవాలి. ఆ పద్ధతికే అంత టైమ్ పడుతుంది. చేత్తో లెక్కించడం ఎంత ఆలస్యమో చూపించడానికి కొందరు ఎమ్మెల్సీ లెక్కింపునే ఉదాహరణగా చెబుతుంటారు, అది సరైన పోలిక కాదు.

సరైన పోలిక కావాలంటే 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ ఎన్నికలు చూడాలి. 2016లో ఈవీఎంలతో జరిగిన ఎన్నికే, కరోనా కాలంలో బ్యాలెట్‌కి మారింది. 150 డివిజన్లు, 34 లక్షలకు పైగా ఓట్లు. పాతికేసి బ్యాలెట్లు కట్ట కట్టి, 40 కట్టలు అంటే వెయ్యి ఓట్లు ఒక టేబుల్ మీద పోసి లెక్కించారు. 4వ తేదీ పొద్దున మొదలుపెడితే రాత్రికల్లా, ఒక్కటి తప్ప, ఫలితాలన్నీ వచ్చేశాయి. ఎలా వచ్చాయంటే, 8 వేల మందికి పైగా సిబ్బందిని దింపారు. మనిషికి సుమారు 430 ఓట్లు. కాగితంలో ఉన్న సుఖం అది. మనుషుల్ని పెంచితే టైమ్ తగ్గుతుంది. కష్టమల్లా అంతమందిని ఒక్కరోజు ఎక్కడి నుంచి తేవాలన్నదే. మాలాంటి టీచర్లం ఉన్నాం కదా అని ప్రభుత్వానికి ధీమా. బళ్లు మూతపడిన ఆ రెండు మూడు రోజుల ఖర్చు ఏ బిల్లులోనూ కనిపించదు.

కాగితం తప్పులు, వాటి బిల్లు

ఆ ఒక్కటి తప్ప అన్నాను కదా, అది నేరేడ్‌మెట్. అక్కడ కొన్ని చోట్ల ఓటర్లకి ఇవ్వాల్సిన స్వస్తిక్ ముద్ర బదులు సిబ్బంది వేరే ముద్ర చేతికిచ్చారు. వేరే ముద్ర పడ్డ ఓట్లని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని హైకోర్టు దాకా వెళ్లింది. గెలుపు తేడా కన్నా ఆ ఓట్లే ఎక్కువ కావడంతో ఫలితం 9వ తేదీ దాకా ఆగిపోయింది. ఒక రబ్బరు స్టాంపు ఎంత ఉంటుంది? యాభయ్యో వందో. లాయర్ల ఫీజులు, ఐదు రోజుల కాపలా దాని మీద పడ్డాయి.

అదే ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ రద్దు చేసి 3వ తేదీన మళ్లీ పెట్టారు. మళ్లీ అచ్చు, మళ్లీ సిబ్బంది, మళ్లీ బస్సులు. ఈవీఎం మీద అతికించే బ్యాలెట్ కాగితంలోనూ ఇలాంటి తప్పు జరగొచ్చు గానీ, అక్కడ మార్చాల్సింది బూత్‌కి ఒకటో రెండో షీట్లు. బ్యాలెట్ పేపర్‌లో అయితే ఒక్క తప్పు వేల కాగితాల మీదికి పాకుతుంది. కాగితం ఎంచుకుంటే ప్రూఫ్ చూసే మనిషికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

పంచాయతీల్లో దీనికి ఒక తెలివైన ఉపాయం ఉంది. సర్పంచ్‌కి గులాబీ రంగు బ్యాలెట్, వార్డు మెంబర్‌కి తెల్లది. రెండింటి మీదా అభ్యర్థుల పేర్లుండవు, గుర్తులే ఉంటాయి. నామినేషన్ల ఉపసంహరణకీ పోలింగ్‌కీ మధ్య రోజులు తక్కువ, వేల పంచాయతీలు. పేర్లతో ఊరికో రకం బ్యాలెట్ అచ్చు వేయడం కుదరని పని. గుర్తులు ముందే వరసగా అచ్చు వేసి పెట్టుకుని, ఎంతమంది పోటీలో ఉంటే అంతవరకు ఉన్న బ్యాలెట్ పంపేస్తారు. ఖర్చు తగ్గించే ఆలోచనంటే ఇదీ. మొదటిసారి చూసినప్పుడు నాకు వింతగా అనిపించింది, ఇప్పుడు మెచ్చుకుంటాను.

ఇంకో పెద్ద ఆదా కూడా అక్కడే. 2019లోనైనా 2025లోనైనా తెలంగాణ పంచాయతీల్లో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగ్, భోజనం చేసి రెండింటికి అదే ఊళ్లో లెక్కింపు. ముందు వార్డులవి, తర్వాత సర్పంచ్‌వి, ఆ తర్వాత ఉపసర్పంచ్ ఎన్నిక కూడా కానిచ్చి బయటపడతాం. స్ట్రాంగ్‌రూమ్‌లో రోజుల తరబడి దాచే పని లేదు, కెమెరాలు లేవు, గేటు ముందు టెంటు వేసుకుని కూర్చునే పార్టీ కార్యకర్తలూ లేరు. రెండు వందల ఓట్ల వార్డుకి 33,700 రూపాయల మిషన్ తేవడం దోమ మీదికి ఫిరంగి పేల్చినట్టే.

మిషన్ వెనక కనిపించని బిల్లు

మిషన్ ఖర్చు కొనడంతో తీరదు. గోడౌన్ కావాలి, దానికి కాపలా కావాలి. ఎన్నికకి ముందు ఈసీఐఎల్ లేదా బీఈఎల్ ఇంజనీర్లు వచ్చి పార్టీల ప్రతినిధుల ముందు ఒక్కో మిషన్‌నీ తనిఖీ చేయాలి. తర్వాత ఏ మిషన్ ఏ నియోజకవర్గానికో, ఏ బూత్‌కో రాండమైజేషన్, ఆపైన అభ్యర్థుల పేర్లు ఎక్కించడం. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మాక్‌పోల్, అంటే ఏజెంట్ల ముందు ఉత్తుత్తి పోలింగ్, కనీసం 50 ఓట్లు. అవి క్లియర్ చేయడం మర్చిపోయామా, మా పని అయిపోయినట్టే. పోలింగ్ అయ్యాక స్ట్రాంగ్‌రూమ్. 2024లో మే 13న ఓటేస్తే జూన్ 4న లెక్కించారు. 22 రోజులు సాయుధ పోలీసులు పగలూ రాత్రీ కాపలా కాశారు. నిజమే, దేశమంతా ఏడు విడతల్లో జరిగింది కాబట్టి బ్యాలెట్ అయినా అన్ని రోజులూ ఆగేదే. కానీ ఫలితం వచ్చాక కూడా, కేసులు వేసుకునే గడువని మిషన్లు ఇంకో 45 రోజులు తాళం కిందే ఉంటాయి. వాటిని ఇంకో రాష్ట్రానికి పంపడం కుదరదు.

మిషన్ మొరాయిస్తే ఏమవుతుందో 2019 ఏప్రిల్ 11న ఆంధ్రాలో చూశాం. పొద్దున్నే చాలా బూత్‌లలో మిషన్లు ఆగిపోయి, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా జనం క్యూలో నిలబడి ఓటేశారు. పెన్నూ స్టాంపూ అయితే ఆగిపోవు కదా అని ఆ రోజు ఎంతమంది అనుకుని ఉంటారో.

సరిగ్గా అదే రోజు నిజామాబాద్‌లో ఇంకో విచిత్రం. పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకి గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేస్తే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేవి 16 పేర్లు. నోటాతో కలిపి 186 పేర్లకి బూత్‌కి 12 యూనిట్లు కావాలి. మొదట్లో బ్యాలెట్ పేపరే దిక్కనుకున్నారు. చివరికి 24 యూనిట్ల దాకా కలుపుకోగలిగే ఎం3 మిషన్లు తెప్పించారు. 1,788 బూత్‌లు, రిజర్వుతో కలిపి 26,820 బ్యాలెట్ యూనిట్లు. 7,900 చొప్పున చూస్తే వాటి విలువే 21 కోట్లు. తర్వాత వేరేచోట వాడతారు కాబట్టి అంతా నష్టం కాదు, కానీ ఆ రోజుకి వాటిని సమకూర్చి, మోసి, ఎల్ ఆకారంలో బల్లల మీద పేర్చి, తనిఖీ చేసిన ఖర్చు మాత్రం నిజమే. ఓటర్లు 15 లక్షల పైచిలుకు. 186 గుర్తులున్న పెద్ద బ్యాలెట్ అచ్చుకి ఒక్కోదానికి పది రూపాయలు వేసుకున్నా కోటిన్నర దగ్గరే తేలేది.

కాగితమైతే హాయిగా ఉండేదా అంటే అదీ లేదు. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ ఒక పుస్తకమైంది, ఎన్నికే వాయిదా పడింది. ఆ ఏడాదే పార్లమెంటు డిపాజిట్ 500 నుంచి 10,000కి పెరిగింది, ఇప్పుడది 25,000. నిజామాబాద్ రైతుల డిపాజిట్లన్నీ కలిపినా 45 లక్షలు దాటవు. కాగితమైనా మిషనైనా, అభ్యర్థుల సంఖ్య పెరిగేకొద్దీ రెండూ చేతులెత్తేస్తాయి. మిషన్ 16 మంది దగ్గర ఒక్కసారిగా రెట్టింపవుతుంది, కాగితం కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

అనుమానానికీ ఒక రేటుంది

2019 మార్చిలో చంద్రబాబు నాయుడు ముందుండి, 21 ప్రతిపక్ష పార్టీలు సగం వీవీప్యాట్ చీటీలు లెక్కించాలని సుప్రీంకోర్టుకెళ్లాయి. అలా చేస్తే ఫలితం ఐదారు రోజులు ఆలస్యమవుతుందని ఎన్నికల సంఘం చెప్పింది. అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఒక బూత్ లెక్కిస్తున్న చోట ఐదు లెక్కించమని కోర్టు ఏప్రిల్ 8న తీర్పిచ్చింది. ఒక బూత్ చీటీలు లెక్కించడానికి గంట దాకా పడుతుంది. ఇనప జాలీ కట్టిన మూలలో, అభ్యర్థికో గూడు ఉన్న చెక్క పెట్టెలో ఒక్కొక్క చీటీ వేస్తూ కూర్చోవాలి. 99 మిల్లీమీటర్ల పొడవు, 56 వెడల్పు ఉన్న థర్మల్ కాగితం అది, బస్ టికెట్‌లా చుట్టుకుపోతుంది. పాత బ్యాలెట్ లెక్కించడం దీనికన్నా సుఖం. ఎందుకంటే బ్యాలెట్‌ని లెక్కించడానికే తయారుచేశారు, ఈ చీటీని ఓటరు ఏడు సెకన్లు చూడటానికి తయారుచేశారు.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు మళ్లీ బ్యాలెట్‌కి పోవాలన్న వాదననీ, నూరు శాతం చీటీలు లెక్కించాలన్న వాదననీ తోసిపుచ్చింది. ఓడిపోయి రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు డబ్బు కట్టి ఐదు శాతం మిషన్ల తనిఖీ కోరవచ్చంది. ఆ ఏడాది ఆ ఫీజు సెట్టుకి 40,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 47,200. ఒంగోలులో ఓడిపోయిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 బూత్‌లకి అడిగారు, 5,66,400 రూపాయలు. మిషన్ ధర కన్నా దాన్ని అనుమానించే ధర ఎక్కువని నవ్వుకున్నాం స్టాఫ్‌రూమ్‌లో. ఓడిన సర్పంచ్ అభ్యర్థికి రీకౌంటింగ్ కావాలంటే ఈ బాధ లేదు, కట్టలు విప్పి మళ్లీ ముందు పోస్తే చాలు.

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో

బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికల ఓట్లు ఇప్పటికీ చేత్తోనే లెక్కిస్తారు. 2024లో రాత్రి పదింటికి పోలింగ్ ముగిస్తే, సండర్‌ల్యాండ్ దగ్గరి ఒక సీటు ఫలితం పదకొండుంబావుకి చెప్పేశారు. చీటీ మీద ఒక్కటే పదవి, ఐదారు పేర్లు, ఒక్క గుర్తు. మడత విప్పి కుప్పలో వేయడమే పని. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగితే వేరే కథ చెబుతారు. అధ్యక్షుడి నుంచి జడ్జిల దాకా, స్కూల్ బోర్డు దాకా, మధ్యలో పన్నుల మీద ప్రజాభిప్రాయం దాకా ఒకే బ్యాలెట్ మీద ఇరవై ముప్ఫై ప్రశ్నలు. దాన్ని చేత్తో లెక్కించాలంటే ఒకే కాగితాన్ని ముప్ఫైసార్లు చదవాలి. అందుకే అక్కడ ఎక్కువ చోట్ల ఓటరు కాగితం మీదే గుర్తు పెడతాడు, స్కానర్ లెక్కిస్తుంది, గొడవొస్తే కాగితం బయటికి తీస్తారు. మన వాదనల్లో ఈ మూడో దారి ఎందుకో ఎప్పుడూ కనిపించదు.

మిషన్ కొనే ముందు ఐర్లాండ్‌ని తలుచుకోవాలి. 2002లో మూడు నియోజకవర్గాల్లో ప్రయోగం చేసి, దేశమంతటికీ మిషన్లు కొన్నారు. నమ్మకం కుదరక మళ్లీ వాడలేదు. ఏళ్ల తరబడి గోడౌన్ల అద్దె కట్టి, 2012లో పాత సామానుగా అమ్మేశారు. ఐదు కోట్ల యూరోలకు పైగా పెట్టిన చోట తిరిగి వచ్చింది 70 వేల యూరోల చిల్లర.

ఇంతకీ మీకేది?

వెయ్యి లోపు ఓట్లు, ఏడాదికో రెండేళ్లకో ఒక ఎన్నిక, పదవికి పదిమంది లోపు పోటీ అయితే కాగితమే. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. మిషన్ అద్దె, దాంతో వచ్చే ఆపరేటర్ చార్జీ, రానూపోనూ రవాణా, అన్నీ కలిపి ఓట్ల సంఖ్యతో భాగించండి. ఓటుకి పాతిక రూపాయలు దాటితే కొటేషన్ పక్కన పెట్టేయొచ్చు. పదివేల మంది సభ్యులున్న యూనియన్, నాలుగైదు ఊళ్లలో బ్రాంచీలు ఉంటే, అప్పుడు కూడా నేను కాగితానికే మొగ్గుతాను, కాకపోతే ఎక్కడి ఓట్లు అక్కడే అదే సాయంత్రం లెక్కించాలి. పెట్టెలన్నీ హెడ్డాఫీసుకి తెచ్చి కలిపి లెక్కిస్తామంటే చవకదనం దారిలోనే ఖర్చయిపోతుంది. మిషన్ ఎప్పుడు లాభమంటే, అదే మిషన్‌కి ఏటా పని ఉండాలి, ఓటర్లు లక్షల్లో ఉండాలి, ఫలితం ఆలస్యమైతే గొడవలయ్యే పరిస్థితి ఉండాలి. దేశం ఎన్నికలకి ఈ మూడూ ఉన్నాయి. ఖర్చు రెట్టింపైనా అక్కడ ఈవీఎంని నేను కాదనను. బూత్‌లు ఆక్రమించి బ్యాలెట్లు గుద్దుకునే రోజుల్ని మా సీనియర్లు కథలుగా చెబుతుంటారు. నిమిషానికి నాలుగు ఓట్లకి మించి తీసుకోని మిషన్ ఆ పనిని కష్టం చేసింది, దానికి రేటు కట్టడం నాకు రాదు.

పదవులు ఎక్కువుంటే ఒకే పెద్ద బ్యాలెట్ వేయకండి. పదవికో రంగు కాగితం వేయండి. చదివి టిక్కులు పెట్టుకోవడం కన్నా, విడదీసి కుప్పలు పోసి కట్టలు కట్టడం చాలా తొందరగా అయిపోతుంది, తప్పులూ తక్కువ. ఎగ్జిక్యూటివ్ మెంబర్లు ఎనిమిదిమందిని ఒకే చీటీ మీద ఎంచుకోవాలంటే మాత్రం టిక్కులు తప్పవు. అప్పుడు ఒకరు చదవాలి, ఇద్దరు విడివిడిగా రాసుకోవాలి, ప్రతి పాతిక చీటీలకీ ఆగి ఇద్దరి లెక్కా సరిచూడాలి.

మా కమ్యూనిటీ వాళ్లు ఇదంతా విని చీటీలకే ఓకే అన్నారు. అధ్యక్షుడికి గులాబీ, కార్యదర్శికి పసుపు, కోశాధికారికి తెలుపు, మెంబర్లకి ఆకుపచ్చ. కాగితం, అచ్చు, ఇంకు ప్యాడ్లు, లెక్కించేవాళ్లకి టీ, సమోసాలు అన్నీ కలిపినా కొటేషన్‌లో నాలుగో వంతు కాలేదు. నేను పెట్టిన షరతు ఒక్కటే. రబ్బరు స్టాంపులన్నీ ఒకే దుకాణంలో, ఒకే గుర్తుతో చేయించాలని, పోలింగ్ ముందు రోజు రాత్రి ఒక్కోదాన్నీ తెల్ల కాగితం మీద కొట్టి నాకు చూపించాలని. సెక్రటరీ గారు నవ్వి, "ఎందుకు సార్ అంత టెన్షన్?" అన్నారు. ఆయనది నేరేడ్‌మెట్ కాదు మరి.